వారం వేసుకోమ్మా

ఆమెకు మాట రావడం లేదు. నోటినిండా పుళ్ళు. పెదవుల అంచుల్లో నెత్తురు ఎండి నల్లగా అట్టకట్టింది. ఉమ్మి మింగలేక చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఓపీ గదిలో స్టూలు మీద కూర్చుంది. ప్రొఫెసర్ గారు ఆమె తెచ్చిన మాత్రల అట్టను కిటికీ వెలుతురులో తిప్పి చూశారు. పదింటిలో మూడే మిగిలాయి. కీళ్ళవాతానికి వారానికి ఒక్కటే వేసుకోవాల్సిన మాత్ర అది. రోజూ వేసుకుంటే ఒంట్లో కొత్త నెత్తురు పుట్టడం తగ్గిపోతుంది, నోరూ పేగులూ పుండ్లు పడతాయి. ఆమె ఏడు రోజుల్లో ఏడు వేసుకుంది. ఏడోది ఆ పొద్దున చల్లపల్లిలో బస్సెక్కే ముందు వేసుకుని వచ్చింది.

“రోజూ వేసుకోమని నీకెవరు చెప్పారమ్మా?” అని అడిగారు ప్రొఫెసర్ గారు.

గదిలో తెల్లకోట్ల వాళ్ళు ఏడెనిమిది మంది ఉన్నారు. ఆమె ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చింది. హౌస్ సర్జన్ దగ్గర ఆగలేదు. గోడవారగా నిలబడిన ఫార్మసీ అమ్మాయి దగ్గర ఆగింది. ఆ అమ్మాయి కోటు మీదుగా తలకు నల్లటి స్కార్ఫ్ కట్టుకుని ఉంది. ముసలామె కుడిచేయి ఎత్తింది. వాతానికి వేళ్ళన్నీ పక్కకు వంగిపోయిన చెయ్యి అది. చూపుడువేలు చాపితే అది గోడకేసి పోయింది. చెయ్యి మొత్తం తిప్పి, మణికట్టుతో చూపించింది.

“నేను కాదు సార్, నేనసలు...” అంది ఆ అమ్మాయి.

“నువ్వు ఆగు. పేషెంటు చెబుతుంటే మధ్యలో నువ్వేంటి?”

పేషెంటు ఏమీ చెప్పడం లేదు. చెప్పలేకే చెయ్యి చూపించింది. ఆ అమ్మాయి కూడా అంతకుముందు బుధవారం ఈ మాత్ర గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ రోజు నేను మంచం కాళ్ళవైపు నిలబడి, నోటుబుక్కులో రాసుకుంటున్నాను.

నేను ముప్పై ఏళ్ళకు పైగా దినపత్రికలో పనిచేశాను. మొదట దివిసీమ వైపు విలేకరిగా, తర్వాత విజయవాడలో డెస్కు మీద. రిటైరయ్యాక ఊరి చివర ఒక క్యాంపస్‌లో చేరాను. ఒకే యాజమాన్యం కింద మెడికల్ కాలేజీ, నర్సింగ్ కాలేజీ, ఫార్మసీ కాలేజీ, వాటికి ఒక ఆసుపత్రి. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్ళు ఇప్పుడు కొత్తగా ఒకటి అడుగుతున్నారట: వైద్యానికి సంబంధించిన కోర్సుల పిల్లలందరూ కలిసి నేర్చుకుంటున్నారా, లేదా? అందుకని బుధవారం బుధవారం మూడు కాలేజీల పిల్లల్నీ ఒకచోట చేర్చి సగం పూట క్లాసు, సగం పూట వార్డు పెట్టారు. నా పని వెనక కూర్చుని చూడటం, సాయంత్రానికి ఇంగ్లీషులో రిపోర్టు రాయడం. పిల్లలు దానికి కలగూర క్లాసు అని పేరు పెట్టారు. యాజమాన్యం పెట్టిన పేరు మూడు వరుసలు ఉండేది, నాకిప్పుడు గుర్తు లేదు.

మొదటి బుధవారం అందరికీ ఒక ఫారం పంచారు. ఇతర కోర్సుల వాళ్ళతో కలిసి నేర్చుకోవడం మీకు ఇష్టమేనా, ఉపయోగమేనా, వాళ్ళ మీద గౌరవం ఉందా. మెడికల్ పిల్లలు చాలామంది పేరు కూడా రాయకుండా వదిలేశారు. నర్సింగ్ పిల్లలు వాళ్ళ మేడమ్ చెప్పిన గడిలో టిక్కులు పెట్టారు. ఫార్మసీ వాళ్ళ ఫారాలు చూస్తే ముచ్చటేసింది. ఒక్కరూ తప్పకుండా అన్నిటికీ ‘పూర్తిగా అంగీకరిస్తున్నాను’. ఇంత ఇష్టం ఎక్కడి నుంచి వచ్చిందా అని క్యాంటీన్‌లో వాళ్ళ బల్ల దగ్గర కూర్చున్నాను.

“నచ్చలేదని టిక్కు పెడితే రేపు వార్డులో మాకు కేస్ షీటు చేతికిస్తారా సార్?” అన్నాడొక అబ్బాయి.

“నాకైతే నిజంగానే ఇష్టం సార్,” అంది పక్కనున్న పిల్ల. “ఆరేళ్ళ కోర్సు చదువుతున్నానా, ఇంటికెళ్తే మా పెదనాన్న ‘ఏ సెంటర్లో పెడుతున్నావే మందుల కొట్టు’ అంటాడు. డాక్టర్ల పక్కన నిలబడితే ఫొటో అన్నా మిగులుద్ది.”

“ఫొటోలో నిన్ను కట్ చేస్తార్లే,” అన్నాడు ఆ అబ్బాయి. అందరూ నవ్వారు.

కాసేపు కూర్చుంటే మిగతాది బయటికొచ్చింది. ఆ బల్ల దగ్గరున్న వాళ్ళలో లాంగ్‌టర్మ్ కోచింగ్ చెయ్యని వాళ్ళు లేరు. ఇంటర్ అయ్యాక మెడికల్ సీటు కోసం ఏడాదికి ఏడాది ఆగిపోయి, హాస్టల్ గదుల్లో పొద్దున్నుంచి పడుకునేదాకా బట్టీపట్టి, ర్యాంకు రాక, చివరికి ఇందులో చేరినవాళ్ళు. పక్క బెంచీలో కూర్చున్న మెడికల్ పిల్లల్లో కొందరు వీళ్ళ కోచింగ్ రూమ్మేట్లే. నాలుగు మార్కులు అటు పడితే వీళ్ళు ఆ బెంచీలో ఉండేవాళ్ళు. వాళ్ళతో కలిసి కూర్చోవాలని వీళ్ళకు నిజంగానే ఉంది. ఆ కోరికకూ చదువుకూ పెద్దగా సంబంధం లేదు.

నేను చెబుతున్న అమ్మాయి వాళ్ళలో ఒకతె. ఐదో ఏడు. వన్ టౌన్‌లో తాళ్ళూ టార్పాలిన్లూ అమ్మే చిన్న కొట్టు వాళ్ళ నాన్నది. మూడుసార్లు ఎంట్రన్సు రాసింది. బాగా చదివే పిల్ల, చదువుతానని తెలిసిన పిల్ల, ఆ తెలియడాన్ని దాచుకోవడం రాని పిల్ల. ఫారం చివర ‘మీ మాటల్లో రాయండి’ అన్న చోట మిగతావాళ్ళు ‘చాలా ఉపయోగకరం’ అని రాస్తే ఈమె ఒక వాక్యం రాసింది: ‘తప్పు జరుగుతుంటే చెప్పడానికి పక్కన ఒకరుంటారు.’ డెస్కు మీద ఇన్నేళ్ళు కూర్చున్నవాడిని, మంచి వాక్యం కనబడితే వదలను. దాన్ని తీసి, ఇన్‌స్పెక్షన్ కోసం వేస్తున్న బ్రోషర్ మొదటి పేజీలో పెద్దక్షరాలతో వేయించాను.

ఆ అమ్మాయి మంచిదని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. మూడో బుధవారమో నాలుగో బుధవారమో, ప్రిస్క్రిప్షన్లు పైకి చదివే పని ఒకటి పెట్టారు. అవనిగడ్డ వైపు నుంచి వచ్చిన ఒక నర్సింగ్ పిల్ల లేచి చదివింది. తెలుగు మీడియంలో చదువుకున్న పిల్ల. మందు పేరు దగ్గర నోరు తిరగలేదు. రెండుసార్లు ప్రయత్నించింది.

“సిస్టర్ గారూ, అది మందు పేరండీ. మీ ఊరి పేరు కాదు,” అంది ఫార్మసీ అమ్మాయి.

క్లాసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా ఫార్మసీ బెంచీలు నవ్వాయి. ఆ గదిలో తమకంటే కింద ఎవరో ఉన్నారని వాళ్ళకు ఆ రోజు తెలిసింది. నర్సింగ్ పిల్ల కూర్చుంది. ఆ తర్వాత ఆ పిల్ల క్లాసులో లేచి చదవడం నేను చూడలేదు. ఆ సాయంత్రం నా రిపోర్టులో ‘విద్యార్థులు ఉత్సాహంగా ఒకరినొకరు సరిదిద్దుకున్నారు’ అని రాశాను. అబద్ధం కాదు. పత్రికలో నేర్చుకున్న విద్యే అది.

హౌస్ సర్జన్ గురించి కూడా చెప్పాలి. ఎంబీబీఎస్ పూర్తిచేసి వార్డులో ట్రైనింగులో ఉన్నవాడు. కొండపల్లి కుర్రాడు, తండ్రి థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగి. అతనికీ మొదటిసారి సీటు రాలేదు, లాంగ్‌టర్మ్‌లోనే వచ్చింది. నేను చూసినప్పుడల్లా నిద్ర లేని కళ్ళతోనే ఉండేవాడు. ప్రొఫెసర్ గారు చెయ్యాల్సిన చిన్న పనులన్నీ అతని మీదే పడేవి. ఫార్మసీ పిల్లల లాగ్‌బుక్కుల్లో సంతకాలు పెట్టడం వాటిలో ఒకటి. పన్నెండు బుధవారాలకు పన్నెండు గడులు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా వార్డు పోస్టింగు పూర్తయినట్టు కాదు, పోస్టింగు పూర్తి కాకపోతే ఆ ఏడాది లెక్కలోకి రాదు. కొత్త పిల్లలతో మళ్ళీ మొదటినుంచి తిరగాలి. రెండేళ్ళు కోచింగుకే పోగొట్టుకున్న పిల్లకు ఇంకో ఏడాది పోవడమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు.

తొమ్మిదో బుధవారం రౌండ్స్‌లో ఒక పెద్దాయన మంచం దగ్గర ఆ అమ్మాయి నోరు విప్పింది. “సార్, ఈ రెండూ కలిపి ఇస్తే కిడ్నీ మీద పడుతుంది కదా.” ప్రొఫెసర్ గారు షీటు తీసుకుని చూశారు. ఒక మందు కొట్టేశారు. కొట్టేసి హౌస్ సర్జన్ వైపు తిరిగి, “ఈ పిల్లకున్నపాటి బుర్ర కూడా లేదేంట్రా నీకు?” అన్నారు నవ్వుతూ. నవ్వి పక్క వార్డుకు వెళ్ళిపోయారు.

హౌస్ సర్జన్ షీటు మడిచి పెట్టాడు.

“ఏమ్మా ఫార్మసీ, ఎంట్రన్సు ఎన్నిసార్లు రాశావు?”

“మూడుసార్లు సార్.”

“మూడుసార్లు రాసినా రాని సీటు ఇక్కడ మంచం పక్కన నిలబడి తెచ్చుకుందామనా?”

అతని కళ్ళు ఆమె కోటు జేబు మీద పడ్డాయి. ఫార్మసీలో ఆ బ్యాచి పిల్లలు వన్ టౌన్‌లో ఒక దర్జీ చేత కోట్ల మీద పేర్లు కుట్టించుకున్నారు. పేరు ముందు నీలం దారంతో డాక్టరు అనడానికి ఇంగ్లీషులో రెండక్షరాలు, ఒక చుక్క. ఆ కోర్సు పూర్తయితే పేరు ముందు అది పెట్టుకోవచ్చు. పూర్తవడానికి ఇంకా ఏడాది పైనే ఉంది.

“ఇదేంటి? ఎవరమ్మా ఇక్కడ డాక్టరు?”

“కోర్సు అయ్యాక పెట్టుకోవచ్చు సార్.”

“అయ్యాక కదా? అయిందా?”

“లేదు సార్.”

“కోటు విప్పు.” తర్వాత నర్సింగ్ పిల్ల వైపు తిరిగాడు. అవనిగడ్డ పిల్లే. “సిస్టర్, ట్రేలో కుట్లు తీసే కత్తెర ఉందిగా? ఇదీ కుట్టేగా, తియ్యి. నీకూ ప్రాక్టీసు అవుద్ది.”

నర్సింగ్ పిల్ల వెంటనే కత్తెర తీసింది. కోటును ట్రే బల్ల మీద పరిచి, దారాన్ని పైకి లేపి, మొన లోపలికి దూర్చి, ఒక్కొక్క కుట్టే తీసింది. గాయం మీద కుట్లు తియ్యడానికి ఎలా నేర్పారో అలాగే. తొందరపడలేదు. మంచం మీది పెద్దాయన కూడా మోచేతి మీద లేచి చూశాడు, తన కిడ్నీని కాపాడింది ఆ పిల్లేనని ఆయనకు తెలియదు. చుక్కతో సహా అయ్యాక, పిల్ల కోటు దులిపి రెండు చేతులతో అందించింది.

“నొప్పి పెట్టలేదుగా మేడమ్?”

వార్డు వార్డంతా నవ్వింది. ఫార్మసీ వాళ్ళు కూడా నవ్వారు. క్యాంటీన్‌లో నాతో మాట్లాడిన ఇద్దరూ అక్కడే ఉన్నారు, వాళ్ళ చేతులు అప్పటికే సొంత జేబుల మీదికి పోయాయి. నీలం దారం పోయిన చోట సూది కన్నాలు మిగిలాయి. దగ్గరగా చూస్తే ఆ రెండక్షరాలూ చదవొచ్చు.

“ఇకనుంచి అడిగితేనే మాట్లాడు. సంతకం పెట్టేది ఆయన కాదు, నేను,” అన్నాడు హౌస్ సర్జన్. అని ఆ రోజు సంతకం పెట్టాడు.

నా రిపోర్టులో ‘కోర్సుల మధ్య హద్దుల గురించి చురుకైన చర్చ జరిగింది’ అని ఉంది.

పదో బుధవారం ముసలామెను ఇంటికి పంపించే రోజు. చల్లపల్లి దగ్గర పల్లె. నాట్లు వేసి వేసి వంగిన మనిషి, వాతంతో ఇంకా వంగింది. తోడు ఎవరూ రాలేదు, బస్సు టైమని ఆదుర్దాగా ఉంది. మంచం దగ్గర హౌస్ సర్జన్, ఫార్మసీ అమ్మాయి, నర్సింగ్ పిల్ల, నేను. మందులు ఎలా వేసుకోవాలో చెప్పి పంపడం ఫార్మసీ వాళ్ళు నేర్చుకోవాల్సిన పని. లాగ్‌బుక్కులో ఆ రోజు గడి పైన అదే రాసి ఉంటుంది. ఆ అమ్మాయి మందుల కవర్లు పట్టుకుని నిలబడింది. అడిగితేనే మాట్లాడాలి కాబట్టి ఎదురుచూస్తోంది. హౌస్ సర్జన్ ఆమె చేతిలోంచి ఒక్కో కవరూ లాక్కుని చూపిస్తూ తనే గబగబా చెప్పేశాడు.

“ఇది పొద్దున, ఇది అన్నం తిన్నాక. ఇది వారం వేసుకోమ్మా. నెలకి మళ్ళీ రా.”

వారానికొకటి అనబోయి ఆ మాటను సగంలో మింగేశాడు. వారం అంటే ఏడు రోజులూ అవుతుంది, ఆ ఏడింటిలో ఒక రోజూ అవుతుంది. డెస్కు మీద ఈ మాటతో నేను చేతులు కాల్చుకున్నాను. ఒకసారి ఊరి విలేకరి ‘కాలవకు వారం నీళ్ళు’ అని పంపిస్తే అలాగే వేశాను. అతను చెప్పింది వారానికొక రోజు. రైతులు ఏడు రోజులూ వస్తాయని మళ్ళు సిద్ధం చేసుకుని కూర్చున్నారు. అప్పటినుంచి ఆ మాట ఎక్కడ కనబడినా నా కన్ను ఆగుతుంది. ఆ రోజు చెవి కూడా ఆగింది. అన్నది అన్నట్టుగా తెలుగులో రాసుకుని, కింద గీత గీశాను.

ఫార్మసీ అమ్మాయికీ వినపడింది. ఆమె ముఖం చూశాను. కోటు జేబులోంచి పెన్ను తీసి, కవరు మీద రాయబోయింది. ఆ కవర్ల మీద ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని మూడు గడులు అచ్చువేసి ఉంటాయి. వారానికి గడి లేదు. ఖాళీ ఎక్కడుందా అని చూస్తున్నట్టుంది.

“ఆ పెన్నిటివ్వు. లాగ్‌బుక్కు కూడా. సంతకం పెట్టేస్తాను, మళ్ళీ దొరకను,” అన్నాడు హౌస్ సర్జన్.

ఆమె ఇచ్చింది. అతను సంతకం పెట్టి, పెన్ను తన జేబులో వేసుకుని తర్వాతి మంచానికి నడిచాడు. ముసలామె అప్పటికే కవర్లు చెంగులో ముడేసుకుని లేచింది. ఆ అమ్మాయి ఆమె వెనక రెండడుగులు వేసింది.

“ఏమ్మా ఫార్మసీ, దారెటు? ఇటు రా.”

ఆగిపోయింది. అప్పుడు నా వైపు చూసింది. నా చేతిలో పెన్నుంది.

నేను వైద్యుణ్ణి కాను. నా పని రాసుకోవడం. తప్పు జరుగుతున్నప్పుడు విలేకరి అడ్డం వెళ్ళడు, రాసుకుంటాడు. ఆ క్షణంలో నాకు తోచినవి ఇవీ. ముసలామె తలుపు దాటి వెళ్ళిపోయింది.

సాయంత్రం రిపోర్టు రాస్తూ ఆ వాక్యం దగ్గరకు వచ్చాను. కేస్ షీటులో ‘వారానికి ఒకసారి’ అనే ఉంది. డాక్టరు ఉద్దేశం అదే. విలేకరి తప్పు రాస్తే అతని ఉద్దేశం ఏమిటో చూసి దిద్దడమే డెస్కు పని. ఎన్ని వేల వాక్యాలు అలా దిద్దానో. చెయ్యి దానంతట అదే పోయింది. ‘మందును వారానికి ఒకసారి వేసుకోవాలని హౌస్ సర్జన్ రోగికి చెప్పారు, మందుల వాడకం గురించి ఫార్మసీ విద్యార్థిని కౌన్సెలింగ్ ఇచ్చారు’ అని ఇంగ్లీషులో రాసి పంపించాను.

ఏడు రోజుల తర్వాత ముసలామె స్టూలు మీద కూర్చుని మణికట్టు తిప్పింది.

మర్నాడు విచారణ అన్నారు. పొద్దున్నే ఆ అమ్మాయి నా గదికి వచ్చింది. భయపడుతున్నట్టు లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

“సార్, మీ బుక్కులో ఉంటుంది కదా.”

“ఉంటుందమ్మా.”

“ఆ రోజు మీరు గీత గీయడం చూశాను. మీకూ వినపడిందని అర్థమైంది. పెద్దవారు, మీరు చెప్తార్లే అనుకున్నాను సార్. లేకపోతే పరిగెత్తేదాన్ని.”

పరిగెత్తేదో లేదో నాకు తెలియదు. ఆమెకూ తెలియదనుకుంటాను.

విచారణ కమిటీకి పెద్ద ప్రొఫెసర్ గారే. బల్ల మీద నా ఇంగ్లీషు రిపోర్టు, ఆమె లాగ్‌బుక్కు, ఏమీ రాయని మందుల కవరు. ముందు ఆమెను అడిగారు.

“కవరు మీద ఎందుకు రాయలేదు?”

“రాయబోతుంటే సార్ పెన్ను తీసుకున్నారండి.”

“పెన్ను తీసుకుంటే నోరు కూడా తీసుకెళ్ళాడా?”

ఒకరిద్దరు నవ్వారు. హౌస్ సర్జన్‌ను అడిగారు. తను వారానికొకటనే చెప్పానన్నాడు. అతను అబద్ధమాడుతున్నాడని నాకు అనిపించలేదు. తను అన్నది అదేనని అతని నమ్మకం. నర్సింగ్ పిల్లను పిలిచారు. ఏం విన్నావమ్మా అంటే ఆ పిల్ల తల వంచుకుని, “నాకు వినపడలేదు సార్. మందుల పేర్లు నాకు సరిగ్గా రావు సార్,” అంది. ఆ రెండో మాట ఫార్మసీ అమ్మాయి వైపు చూస్తూ అంది.

తర్వాత నా వంతు.

“ఇది మీరు రాసిందేగా మాస్టారూ?”

“నేనేనండి.”

“పేపర్లో చేసినవారు. మీ రాతలో తేడా ఉండదు. ఇందులో మార్చాల్సింది ఏమన్నా ఉందా?”

నోటుబుక్కు నా సంచిలో ఉంది, ఆ పేజీకి దారం కూడా పెట్టుకున్నాను. దాన్ని తీస్తే మొదట అడిగేది తెలుగులో విన్నది ఇంగ్లీషులో ఎందుకు మారిందని. రెండోది, వినపడి గీత గీసినవాడు అప్పుడే ఎందుకు నోరు విప్పలేదని. నా కాంట్రాక్టు ఆ నెలాఖరుకు పొడిగించాల్సి ఉంది. ఇవన్నీ తీరిగ్గా ఆలోచించానని చెప్పను. ఆలోచించేంత సేపు కూడా పట్టలేదు.

“లేదండి,” అన్నాను.

ఆ అమ్మాయి నన్ను చూడలేదు. లాగ్‌బుక్కు వైపు చూస్తోంది. పదో గడిలో ‘కౌన్సెలింగ్ చేసింది’ అన్న అచ్చు మాట కింద హౌస్ సర్జన్ సంతకం ఉంది, అతను ఆమె పెన్నుతోనే పెట్టిన సంతకం. ఆమె తప్పు చేసిందనడానికి కమిటీకి దొరికిన కాగితపు సాక్ష్యం నా రిపోర్టు ఒకటి, ఆ సంతకం రెండోది. పోస్టింగు రద్దు చేశారు.

బయట బెంచీ మీద వాళ్ళ నాన్న ఉన్నారు. కొట్టు మూసి వచ్చినట్టున్నారు, చొక్కా మీద తాళ్ళ పీచు. లేచి నమస్కారం పెట్టారు.

“మీరు పేపర్లో చేశారటగా సార్. మీరు రాసిన కాగితంలో ఉందన్నారు లోపల.”

“అవునండి.”

“మీలాంటివాళ్ళు ఊరికే రాయరు లెండి. మా అమ్మాయే తప్పు చేసుంటుంది.”

కూతురు పక్కనే నిలబడి విన్నది. “పద నాన్నా,” అంది. వెళ్తూ నాకు నమస్తే సార్ అని కూడా చెప్పింది. రోజూ చెప్పినట్టే చెప్పింది.

ముసలామె బతికింది. చాలా రోజులు ఆసుపత్రిలోనే ఉంది, జుట్టు ఊడిపోయింది. మాట వచ్చాక ఆమెను ఎవరూ మళ్ళీ అడగలేదు. ఇంటికి వెళ్ళాక నేను ఒకసారి చల్లపల్లి వెళ్ళి, అక్కడినుంచి ఆటోలో వాళ్ళ పల్లెకు పోయాను. అరుగు మీద కూర్చుని గంజి తాగుతోంది.

“రోజూ వేసుకోమని ఎవరు చెప్పారమ్మా నీకు?”

“డాక్టరుబాబు వారం వేసుకోమన్నాడు. వారం వేసుకున్నా.”

“మరి ఆ రోజు ఆ అమ్మాయిని చూపించావేం?”

“కోట్లేసుకున్నోళ్ళందరూ ఒక్కలాగే ఉంటారు బాబూ. ఆ పిల్ల తలకి గుడ్డ కట్టుకుంది, గుర్తుంది. మందులు పట్టుకుని నిలబడింది ఆ పిల్లేగా.” గంజి గ్లాసు కింద పెట్టింది. “ఆయనంటే గబగబా ఏదో అన్నాడు. మందులు చేతిలో పెట్టుకుని పక్కనే ఉందిగా, ఆ పిల్లన్నా నోరు తెరిచి చెప్పొద్దూ?”

అడగాల్సింది ఆ పిల్ల ఒక్కదాన్నే కాదని చెప్పాలనుకున్నాను, చెప్పలేదు.

తిరిగి వచ్చాక ఆ నోటుబుక్కు పేజీ జెరాక్సు తీయించి, జరిగింది జరిగినట్టు రాసి, నా రిపోర్టులో ఆ వాక్యం తప్పని సంతకం చేసి ప్రొఫెసర్ గారి ఆఫీసులో ఇచ్చాను. అప్పటికి నా కాంట్రాక్టు పొడిగించారు. ముందు ఇవ్వగలిగి ఉండీ ఇవ్వలేదని ఎవరైనా అంటే ఒప్పుకోవాల్సిందే. గుమాస్తా తెలుగు పేజీని అటూ ఇటూ తిప్పి చూసి, “దీనికి ఇంగ్లీషు కాపీ లేదా సార్?” అని అడిగాడు. ఉన్నదే తప్పని చెప్పాను. స్టాంపు వేసి ఇచ్చాడు.

ఇన్‌స్పెక్షన్ బాగా జరిగింది. వచ్చినవాళ్ళకు కొండపల్లి బొమ్మలు ఇచ్చి పంపారు. కలగూర క్లాసు ఇప్పుడు రెండు బ్యాచులకు నడుస్తోంది. బ్రోషర్ నచ్చడంతో ఆ అమ్మాయి రాసిన వాక్యాన్ని పెద్ద బోర్డుగా చేయించి వార్డుకు వెళ్ళే దారిలో గోడకు తగిలించారు. హౌస్ సర్జన్ ట్రైనింగు ముగించుకుని పీజీ కోచింగుకు వెళ్ళాడు. ఈ ఏడాది ఫార్మసీ పిల్లల కోట్ల మీద ఉత్త పేర్లే ఉన్నాయి. కొత్త ఫారాల్లో కూడా వాళ్ళందరూ ‘పూర్తిగా అంగీకరిస్తున్నాను’ అనే పెట్టారు.

నా ఉత్తరం సంగతి మూడుసార్లు అడిగాను. పరిశీలనలో ఉందన్నారు. ఆ అమ్మాయిని పోస్టింగులోకి మళ్ళీ చేర్చుకుంటారా, లేదా అన్నది దాని మీద ఆధారపడి ఉందట. లాగ్‌బుక్కు డిపార్ట్‌మెంటు బీరువాలో ఉంది. పదో గడి వరకు సంతకాలున్నాయి. పదకొండు, పన్నెండు గడులు ఖాళీ.